పన్నెండు తీగల సవితి

పోయిన వారం మా అమ్మాయి హైదరాబాదు నుంచి వస్తూ, ఎండాకాలంలో ఎందుకో నాకు చెప్పకుండా పట్టుకుపోయిన గిటారును కొత్త సంచిలో పెట్టుకొని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. పెట్టి, బడిలో బహుమతి గెలుచుకొచ్చిన పిల్లలాగా నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. తుప్పంతా వదిలించారట, తీగలు కొత్తవి వేశారట, తీగలు ఆనే బ్రిడ్జి మరలన్నీ విప్పి, కడిగి, నూనె పెట్టి, శ్రుతి చూసే మిషను మీద చూసుకుంటూ ఏ తీగను ఎక్కడ నిలపాలో అక్కడ నిలిపారట. "ఇన్నేండ్ల సంది తప్పు మోగుతున్నది బాపూ, ఇప్పుడు కరెక్టయింది" అన్నది. మంచిదమ్మా అన్నాను. ఇంకేమంటాను, ప్రేమతో చేసిన పనికి కోపగించుకుంటే కళ్ళు పోతాయి. కానీ ఆ పిల్ల లోపలికి పోయాక, బ్రిడ్జి మీద తళతళలాడుతున్న ఆ ఆరు చిన్న మరలను చూసుకుంటూ కూర్చుంటే నా గుండె చెరువైంది. అవి ఇంతకు ముందున్న చోట వాటిని నిలబెట్టినవాడు మా బావ. ఆయన పోయాక ఆయన చేతి గుర్తు ఈ లోకంలో ఎక్కడన్నా మిగిలి ఉందీ అంటే అక్కడే ఉండేది.

బావ అంటే మా అక్క భర్త. మా నాయిన చిన్నప్పుడే పోతే నన్ను ఊరి నుంచి గోదావరిఖనికి తెచ్చి, తన క్వార్టరులోనే ఒక మూల నాకు చాప చూపించి, గనిలో పనికి కుదిర్చిన మనిషి. ఆయన డ్రిల్లరు. బొగ్గు గోడకు మిషనుతో రంధ్రాలు వేయడం ఆయన పని, మందు పెట్టి పేల్చాక రాలిన బొగ్గును తట్టలతో ఎత్తి టబ్బుల్లో పోయడం నా పని. ఆ రోజుల సంగతి మన వయసు వాళ్ళకు చెప్పనక్కరలేదు. సైరను మోగితే కాలనీకి కాలనీ లేచేది, సాయంత్రమయ్యేసరికి క్వార్టర్ల ముందు వరసగా బొగ్గు పొయ్యిలు రాజుకొని ఆ పొగ వేపచెట్ల కిందుగా పరుచుకుంటే, ఎదురొచ్చే మనిషి ముఖం కనపడక గొంతును బట్టి పలకరించుకునేవాళ్ళం. ఇప్పటి పిల్లలకు ఆ పొగ మాట చెబితేనే దగ్గు వస్తుంది, మాకు మాత్రం ఆకలి వేసేది.

అక్క కుట్టు మిషను కావాలని చాలా రోజులుగా పోరుతుంటే, బావ ఒక సెలవు నాడు దాని కోసమే సికింద్రాబాదు వెళ్ళాడు. మరునాడు రైలు దిగి, దుప్పటిలో చుట్టిన పొడుగాటి మూటను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని వచ్చాడు. కుట్టు మిషను ఇంత పొడుగుంటుందా అని అక్క పాపం అమాయకంగానే అడిగింది. దుప్పటి విప్పితే ఎర్ర రంగు కరెంటు గిటారు, దానికి అందరి గిటార్లకు ఉన్నట్టు ఆరు కాదు, పన్నెండు తీగలు. పాత వాయిద్యాల దుకాణం ముందు నుంచి పోతుంటే లోపల ఎవరో దాన్ని మీటారట, ఆ తరువాత ఆయన కాళ్ళు ముందుకు పడలేదట. అక్క ఆ పూట పొయ్యి ముట్టించలేదు. "మిషను తెమ్మంటె సవితిని తెచ్చిండు. అండ్ల గూడ పన్నెండు నాలికెల సవితిని!" అని వాడకట్టంతా వినపడేటట్టు అన్నది. ఆ పేరే దానికి నిలిచిపోయింది. పెళ్ళికి పిలవడానికి వచ్చినవాళ్ళు కూడా అక్క చాటుకు పోయాక, సవితిని తప్పకుండా తీసుకురావాలె అని నవ్వుతూ చెప్పి పోయేవారు.

ఊళ్ళో భజన మందిరంలో నేర్చుకున్న హార్మోనియం నాకు కాస్త వచ్చు. బావ గిటారు, నా పెట్టె, ఇంకో ఇద్దరు ముగ్గురు గని దోస్తులు కలిసి ఒక పార్టీ అయ్యాం. పెళ్ళిళ్ళకు, దసరాకు, గనిలో ఎవరన్నా రిటైరైతే ఆ సన్మాన సభకు మేమే. గొప్పగా వాయించేవాళ్ళమని చెప్పను, కానీ మేము లేని సభ సభలాగా ఉండేది కాదని మాత్రం నలుగురూ అనేవారు.

ఆ గిటారుకు పుట్టుకతో వచ్చిన తెగులు ఒకటుండేది, దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. పన్నెండు తీగలంటే ఆరు జంటలు. పై రెండు జంటల్లో ఇద్దరూ సమానమే, కింది నాలుగు జంటల్లో ఒకటి లావు, ఒకటి సన్నం. సన్నది లావుదానికన్నా ఒక స్థాయి పైన పలుకుతుంది, రెండూ కలిపి మీటితే తల్లీ కూతురూ కలిసి పాడినట్టుంటుంది. ఖాళీ తీగలు మీటినంతసేపూ బుద్ధిగా శ్రుతిలోనే ఉంటాయి, చెయ్యి గిటారు మెడ మీది పైమెట్లకు పోయేసరికి దారి తప్పుతాయి. దాన్ని సరిచేయడానికే కింద బ్రిడ్జి మీద చిన్న చిన్న దిమ్మెలుంటాయి, మర తిప్పితే దిమ్మె వెనక్కో ముందుకో జరిగి తీగ పొడుగు ఆ మేరకు మారుతుంది. లావు తీగకు కాస్త ఎక్కువ పొడుగు కావాలి, సన్నదానికి తక్కువ చాలు. చిక్కెక్కడంటే, పన్నెండు తీగలకు దిమ్మెలు ఆరే, జంటకు ఒక్కటే. లావుదాని మాట వింటే సన్నది దిగిపోతుంది, సన్నదాని మాట వింటే లావుది ఎగిరిపడుతుంది. ఇద్దరినీ మెప్పించే చోటు ఆ దిమ్మెకు లేనే లేదు.

మొదటి షిఫ్టు దిగి, వేడినీళ్ళతో స్నానం చేసి, వరండాలో చాప మీద కూర్చొని బావ ఆ దిమ్మెలతో పడే అవస్థ చూడవలసిందే. పన్నెండో మెట్టు మీద తీగను వేలితో ఊరికే తాకించి మీటితే చిన్న గంటలాంటి స్వరం వస్తుంది, అదే మెట్టు మీద గట్టిగా నొక్కి మీటితే ఇంకోటి వస్తుంది. రెండూ ఒకటైతే దిమ్మె సరైన చోట ఉన్నట్టు. లావు తీగకు ఒకసారి, సన్న తీగకు ఒకసారి చూసుకొని, మరను వెంట్రుకవాసి తిప్పి, మళ్ళీ చెవి దగ్గర పెట్టుకొని వినేవాడు. గిన్నెలు మోగించొద్దని ఆయన అక్కను బతిమిలాడటం, అక్క పనిగట్టుకొని గరిటెతో గిన్నె అంచు మీద కొట్టడం రోజూ ఉండే కచేరీయే. చివరికి లావుదానికీ సన్నదానికీ నడుమన ఎక్కడో దిమ్మెను నిలిపి, "మా అవ్వను, మీ అక్కను ఒక్క ఇంట్ల పెట్టుకున్నట్టే బామ్మర్దీ గిది. ఇద్దరికి సగం సగం కోపం ఉండాలె, గప్పుడే ఇల్లు నడుస్తది" అనేవాడు. వంటింట్లో నుంచి అక్క ఏదో గొణిగేది. ఏం గొణిగిందో నాకు వినపడేది కాదు కానీ బావకు వినపడేది, వెంటనే దానికి జవాబు చెప్పి ఇంకో రెండు చీవాట్లు తినేవాడు.

అంత చెవి ఆయనది. గనిలో అందరమూ ఆ చెవి నీడనే పనిచేశాం. పనిలోకి దిగే ముందు పైకప్పును కర్రతో తట్టి చూడాలి, బండ గట్టిగా ఉంటే ఖంగుమంటుంది, పొర విడిపోయి వేలాడుతుంటే బోలుగా పలుకుతుంది. మా మీద పని చూసే సర్దారు తట్టి చూసి పొమ్మన్నా సరే, బావ ఇంకొకసారి తట్టి తల ఊపనిదే మాలో ఎవరమూ అడుగు ముందుకు వేసేవాళ్ళం కాదు. ఆయన తల ఊపితే ఇక ఫికర్ లేకుండా తట్ట ఎత్తుకునేవాళ్ళం. కానీ తట్టిన మరుక్షణం ఆ మనిషే డ్రిల్లు మిషను అందుకొని షిఫ్టంతా ఆ హోరులో నిలబడతాడని, ఆ హోరు ఒక్కొక్క స్వరాన్నే తినేస్తూ పోతుందని మాకెవరికీ తట్టలేదు.

ఒక సర్దారు రిటైరైన రోజున కమ్యూనిటీ హాల్లో సభ. ఆ మధ్యాహ్నమే బావ దిమ్మెలన్నీ కొత్తగా సరిచేసుకొని ఉషారుగా వచ్చాడు. పాట పైస్థాయికి పోయేసరికి నా పెట్టె ఒక మాట అంటే, గిటారు మీది సన్న తీగలు దానికి కాస్త దిగువన ఇంకో మాట అంటున్నాయి. రెండూ ఒకదానినొకటి ఒరుసుకొని మధ్యలో ఒక అల లేస్తున్నది. నేను కంగారుగా బావ వైపు చూశాను. ఆయన కళ్ళు మూసుకొని, అంతా కుదిరిందన్న తృప్తితో చిన్నగా నవ్వుతూ వాయిస్తున్నాడు. శ్రుతి తప్పడం ఎవరికైనా జరుగుతుంది, బావ వాయిస్తూ దాన్ని పట్టుకోకపోవడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

మరునాడు గనిలో దిగాక నేను ఆయన చేతులనే చూస్తూ ఉన్నాను. కుడిచేత్తో పైకప్పును తట్టాడు. ఎడమచెయ్యి మాత్రం ఎప్పటిలా కిందికి వేలాడటం లేదు, వేళ్ళు బాగా చాపి అరచేతిని బండకు ఆనించి పెట్టాడు. అట్లా అదురు చూడటం గనిలో తెలిసిన పద్ధతే, అనుమానం ఉన్నచోట పాతకాపులు చేసేదే. కానీ మా బావకు ఆ అవసరం ఎన్నడూ రాలేదు. పక్కకు పోయి ఇంకోచోట తట్టాడు, అక్కడా అంతే. నిన్న గిటారును కూడా ఆయన ఇట్లాగే, కింద అరచెయ్యి పెట్టి సరిచేశాడని నాకు అప్పుడు అర్థమైంది.

షిఫ్టు దిగి ఒకే సైకిలు మీద వస్తున్నాం, ఆయన తొక్కుతుంటే నేను వెనక. రెండుసార్లు పిలిచాను, పలకలేదు. భుజం తట్టితే సైకిలు ఆపి దిగాడు.

"ఏందిరా, పొద్దుగాల సంది గట్ల చూస్తున్నవ్?"

"నిన్న సన్న తీగెలు దిగినయి బావా" అన్నాను.

సైకిలు గంటను బొటనవేలితో రాశాడు. "పైకప్పు చేతికి చెప్తది బామ్మర్దీ. లావు తీగె సుత చెప్తది. గా సన్నదే, ఎంత బతిమిలాడినా నా చేతికి అందుతలేదు" అన్నాడు. మళ్ళీ సైకిలెక్కే ముందు, "మీ అక్కకు చెప్పకు" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు అవసరమైన దానికన్నా పెద్దగా ఉంది, దారిన పోయేవాళ్ళు తిరిగి చూశారు.

ఆ వారంలోనే ఎవరూ చెప్పకముందే తనంతట తానే ఆఫీసుకు పోయి తన చెవుల సంగతి చెప్పుకొన్నాడు. కొన్నాళ్ళకు ఆయనను పైన ల్యాంపు రూములో వేశారు. షిఫ్టుకు దిగే ప్రతి మనిషికీ దీపం ఇచ్చి, పైకి ఎక్కి వచ్చినప్పుడు మళ్ళీ తీసుకునే పని, చెవులతో నిమిత్తం లేదు. రోజూ నా చేతికి దీపం ఇస్తూ, పైకప్పు తట్టి చూసుకోండ్రి అన్నట్టు వేలితో ఆకాశం వైపు చూపించేవాడు. ఆయన లేకుండా దిగడం నాకు చాలాకాలం భయంగానే ఉండేది, ఆ సంగతి ఆయనకు తెలియనివ్వలేదు.

గిటారు సంగతి మిగిలింది. ఒక ఆదివారం నేను కూర్చొని, ఆయన నేర్పిన పద్ధతిలోనే, మరలను పాత చోటికి, అంటే ఇద్దరికీ సగం సగం కోపం ఉండే ఆ నడిమి చోటికి తెచ్చి ఇచ్చాను. సన్న తీగలు లేచి చక్కగా పాడాయి. బావ గిటారు వీపు కింద అరచెయ్యి పెట్టి, రెండు లావు తీగలను ఒకే స్వరానికి నొక్కి మీటి, తల అడ్డంగా ఊపాడు. లావుది కాస్త ఎగిరిపడేసరికి, రెండింటి తేడా కర్రలోకి దిగి ఆయన అరచేతిలో అదురుతున్నది. "నీకు పాడుతున్నది గావచ్చు. నాకు వణుకుతున్నది" అన్నాడు. ఆయనే పానా అందుకొని, దిమ్మెలను ఒక్కొక్కటే వెనక్కి జరుపుతూ, అరచేతి కింద కర్ర నిలకడగా మోగేదాకా తిప్పాడు. అది నిలకడకు వచ్చినప్పుడు ఆయన ముఖంలో వచ్చిన శాంతిని చూశాక, ఆ మరలను ఇంకెవరూ ముట్టుకోవద్దని నేను మనసులో ఒట్టు పెట్టుకున్నాను.

ఆ తరువాత మా పార్టీ ఎక్కడ వాయించినా సన్న తీగలు కాస్త దిగువనే పలికేవి, ఆ అల అట్లాగే లేచేది. విచిత్రమేమిటంటే జనానికి అదే నచ్చింది. మీ పార్టీ మోగుతుంటే గోదావరి మీది గాలి వచ్చినట్టుంటదన్నా అని ఒకాయన మెచ్చుకుంటే, బావ నా వైపు చూసి కన్ను కొట్టాడు. ఇంట్లో మాత్రం రహస్యం రహస్యంగానే ఉంది. అక్క వంటింట్లో నుంచి కేకలు వేయడం మానేసి, ఎదురుగా వచ్చి నిలబడి నెమ్మదిగా మాట్లాడటం మొదలుపెడితే, వయసుతో పాటు కోపం తగ్గిందనుకొని ఇద్దరమూ సంతోషించాం. మగవాళ్ళ తెలివి అంతవరకే.

బావ పోయాక అక్క ఆ గిటారును నాకు ఇచ్చేసి, మందమర్రిలో పనిచేస్తున్న కొడుకు దగ్గరికి పోయింది. దాన్ని గోడకు తగిలించుకొని, సాయంత్రాలు ఒకసారి దించి మీటి, ఆ అల లేచి పడిపోయేదాకా ఉండి మళ్ళీ తగిలించేవాణ్ణి. మీటినప్పుడల్లా బావ వరండాలో ఉన్నట్టే ఉండేది. ఆ అలనే మా అమ్మాయి తప్పు అనుకున్నది. దాని తప్పేమీ లేదు, దానికి నేనెన్నడూ చెప్పలేదు కదా.

ఆ సాయంత్రమే పానా తీసుకొని కూర్చున్నాను, బావ నిలిపిన చోటికి దిమ్మెలను మళ్ళీ జరుపుదామని. తుప్పుతో పాటు పాత గుర్తులన్నీ పోయాయి. చెవితో పట్టుకుందామంటే, ఇన్నేళ్ళ గని, ఈ వయసు, రెండూ కలిసి నా చెవులను కూడా ఆ దారినే పట్టించాయి. అల పోయిందని తెలుస్తున్నది, సన్న తీగలు ఎక్కడ ఉన్నాయో తెలియడం లేదు. ఎంత తిప్పితే అది బావది అవుతుందో చెప్పగలవాళ్ళు ఎవరున్నారని ఆలోచిస్తే, ఆ గిటారును రోజూ విన్న మనిషి, ఇష్టం లేకుండానే విన్న మనిషి, ఒక్కరే మిగిలారు. మరునాడు సంచి భుజాన వేసుకొని మందమర్రి బస్సెక్కాను.

అక్క వాకిట్లో కూర్చొని చేటలో బియ్యం ఏరుతున్నది. సంచి చూసి, "సవితిని గూడ ఎంటవెట్టుకొచ్చినవా తమ్మీ" అన్నది. జరిగింది చెప్పాను. చెవుల సంగతి, అరచేతి సంగతి కాదు, ఆ మాట ఇవ్వాళ్టికీ నా నోట రాలేదు. పిల్ల తెలియక మరలు కదిలించిందని, బావ ఉంచినట్టు మళ్ళీ పెట్టాలని, నేను తిప్పుతుంటే ఎక్కడ ఆగాలో చెప్పమని అంతే చెప్పాను. ఎంత పాడైందో చూడు అని, పానా తీసే ముందు ఒకసారి పైమెట్ల మీద గట్టిగా మీటాను.

చేటలో అక్క చెయ్యి ఆగిపోయింది. ఇక మొదలుపెడదామని నేను పానా బ్రిడ్జి దగ్గరికి తెచ్చేసరికి, బియ్యపు పొడి అంటిన అరచేతిని ఆ మరల మీద పెట్టి మూసేసింది.

"ముట్టకు తమ్మీ. సవితి మనింటికి కొత్తల అచ్చినప్పుడు గిట్లనే మోగుతుండె. గప్పుడు మీ బావకు అన్ని ఇనవడుతుండె. నేను గొణిగింది సుత ఇనవడుతుండె."

అన్నేళ్ళూ మేమిద్దరం కాపాడుకున్నామనుకున్న రహస్యం ఆమెకు మొదటి రోజు నుంచే తెలుసు. సవితి గొంతు మారిన నాడే తెలుసు. బ్రిడ్జి మీద పెట్టిన చెయ్యి తియ్యకుండానే ఇంకొకసారి మీటమన్నది. మీటితే చాలాసేపు విన్నది. నేను పానాను జేబులో పెట్టుకొని, ఆమె పెట్టిన అన్నం తిని, సాయంత్రం బస్సుకు తిరిగివచ్చాను.

బస్సు గోదావరి దాటుతుంటే అనుకున్నాను, నేను అరచేత్తో శ్రుతి చూసుకున్న బావను వెతుక్కుంటున్నాను, అక్క చెవులున్న బావను వెతుక్కుంటున్నది, ఇద్దరికీ కలిపి ఉన్నవి మాత్రం ఆ ఆరు దిమ్మెలే. మేము దిగిన గని ఇప్పుడు నేలను పైనుంచే తవ్వేసే ఓపెన్‌కాస్టులో కలిసిపోయింది, మేము తట్టి చూసిన పైకప్పులకు పైన ఆకాశమే ఉంది, బొగ్గు పొయ్యిల వాసన ఏ వీధిలోనూ లేదు, ఎదురొచ్చే మనిషిని గొంతును బట్టి గుర్తుపట్టే అవసరమూ లేదు. ఇప్పుడు సాయంత్రాలు గిటారును ఒళ్ళో పెట్టుకొని, వీపు కింద అరచెయ్యి ఆనించి మీటుతాను. కర్ర కొంచెం వణుకుతుంది. వణకనిస్తాను. సన్న తీగలు నాకు వినపడవు, కానీ అవి పాడుతున్నాయని మా అక్క చెప్పింది.